పాతదేమన్నా ఉందా అని అడిగే మనిషి

మా ఆఫీసు మేడమీద నీళ్ళ ట్యాంకు మారుస్తున్నారు. మధ్యాహ్నం మెట్లెక్కుతుంటే ప్లాస్టిక్ పైపులు అతికించే సొల్యూషన్ వాసన గుప్పున తగిలింది. ఘాటుగా, కాస్త తియ్యగా, కళ్ళు చెమర్చేలా ఉంటుంది ఆ వాసన. అది చాలామందికి తలనొప్పి తెప్పిస్తుంది. నాకు మాత్రం ఆకలి వేస్తుంది. నరసరావుపేటలో మోటార్లు, పైపులు అమ్మే ఒక దుకాణంలో, కొన్నేళ్ళపాటు ఆ వాసన మధ్యనే మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీశాను. అప్పుడు ఎదురుగా కూర్చుని "ఇయ్యాల ఏం కూరమ్మాయ్?" అని కేకేసి అడిగిన మనిషి ఇప్పుడు లేడు. ఆయన గురించి ఆయన్ను ఎరగనివాళ్ళకు చెప్పాలని ఎప్పటినుంచో ఉంది. మెట్ల మీద ఆ వాసన తగలగానే, ఇంక వాయిదా వెయ్యకూడదనిపించింది.

ఆయన పేరు సుబ్బరామయ్య. బజారంతా శెట్టిగారనే పిలిచేది. రొంపిచెర్ల, ఈపూరు వైపు రైతులు బోరు మోటారు కాలిపోతే ముందు ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. మోటార్లు పరీక్షించే చప్పుడుకు చెవులు పాడవుతాయని ఎండాకాలంలో కూడా తలకు, చెవులకు కలిపి తువ్వాలు చుట్టుకునేవారు. చెముడేమోననుకుని అందరూ ఆయనతో అరిచి మాట్లాడేవాళ్ళు. ఆయనా అరిచే జవాబిచ్చేవారు. ఇక వినపడదులే అని దుకాణం మూలన ఎవరైనా ధర గురించి గుసగుసలాడుకుంటే మాత్రం, "అంతకు రాదులే, ఇంకో మాటనుకో" అని కూర్చున్నచోటి నుంచే అనేవారు.

నేను ఆయన దగ్గర బిల్లులు రాసే పనిలో చేరేనాటికి డిగ్రీ ప్రైవేటుగా పూర్తిచేసి ఉన్నాను. కాలేజీ మెట్లెక్కిన రోజులు తక్కువ. నా చదువులో పెద్ద భాగం నరసరావుపేట శాఖా గ్రంథాలయంలో జరిగింది. రొంపిచెర్ల దగ్గరి మా ఊరికి సాయంత్రం బస్సు ఆలస్యంగా ఉండేది. ఆ ఖాళీలో అర్థశాస్త్రం బీరువా, సహకార సంఘాల బీరువా పై అరనుంచి కింది అరదాకా చదివేశాను. అర్థంకాని ఇంగ్లీషు పుస్తకాలను పక్కన నిఘంటువు పెట్టుకుని కుస్తీపట్టి చదివాను. ఈ మాట ఇప్పటికీ కాస్త గర్వంగానే చెప్పుకుంటాను. మంచి కాలేజీల్లో చదివినవాళ్ళ మధ్య కూర్చున్నప్పుడు నాకు ధైర్యమిచ్చింది ఆ బీరువాలే.

బజారులో శెట్టిగారికి పిసినారి అని పేరు. అది ఎందుకొచ్చిందో చేరిన కొత్తలోనే తెలిసింది. క్రోసూరు వైపు బడి నుంచి ఒక హెడ్మాస్టరు, ఇద్దరు కమిటీ సభ్యులు ఫ్యాన్ల విరాళం కోసం వచ్చారు. మా వైపు బళ్ళలోనూ గుళ్ళలోనూ ఫ్యాను ఇచ్చిన దాత పేరు రెక్కల మీద ఎర్రరంగుతో రాయించడం ఆనవాయితీ.

"మూడు రెక్కల మీదా మీ పేరే రాయిస్తామండీ" అన్నాడు హెడ్మాస్టరు.

"తిరిగేటప్పుడు కనపడదు గదయ్యా" అన్నారు శెట్టిగారు. "కరెంటు పోయినప్పుడే కనపడుద్ది. అందరూ చెమటలు కక్కుతా నా పేరు చదువుకోవాలా? తిట్టుకోరూ?"

కమిటీవాళ్ళు నవ్వాలో వద్దో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పాతయ్యేమన్నా ఉన్నయ్యా?" అనడిగారాయన.

"ఉన్నాయండీ, మూల గదిలో పడేశాం. తిరగవు."

"అయ్యి పట్టుకురాండి."

వాళ్ళు మొహాలు మాడ్చుకుని వెళ్ళిపోయారు. దుకాణం మెట్లు దిగుతూ ఒకాయన "దీనికంటే లేదంటే పోయేది" అనడం నాకూ వినిపించింది, తువ్వాలు చుట్టుకున్న శెట్టిగారికీ వినిపించింది. మళ్ళీ సంతరోజుకు ఆటోలో పాత ఫ్యాన్లు వచ్చాయి. మా మెకానిక్ చేత వాటన్నిటికీ కొత్త వైండింగ్ చేయించి, బేరింగులు మార్పించి, పైసా తీసుకోకుండా పంపారు. రెక్కల మీద పాత దాతల పేర్లు మాసిపోయి ఉంటే, మెకానిక్ గీకబోయాడు. "చెరపమాకురా. వాళ్ళిచ్చిందే గదా తిరిగేది" అన్నారు.

ఆయన దానమంతా అదే పద్ధతి. కొత్తది ఇచ్చేవారు కాదు. ఎవరో ఇచ్చి, ఆగిపోయిన దాన్ని నడిపించేవారు. ఆయన పేరు ఏ గోడ మీదా లేదు కాబట్టి పిసినారి అయ్యారు. ఆ మాట ఆయనకు బాధ కలిగించినట్టు నాకెప్పుడూ అనిపించలేదు. పైగా చందాల కోసం వచ్చేవాళ్ళను తగ్గించే సదుపాయంగా దాన్ని వాడుకునేవారు.

గ్రంథాలయంలో ఇంగ్లీషు పత్రిక తిరగేస్తుంటే ఒక ప్రకటన కనిపించింది. హైదరాబాదులో పీజీ కోర్సు. దాతృత్వం, సామాజిక పెట్టుబడి అన్నవి దాని విషయాలు. నెలకోసారి కొద్దిరోజులు అక్కడికి వెళ్ళాలి, మిగతా క్లాసులు ఫోన్లోనే. ఎంపికైనవాళ్ళకు ఉపకారవేతనం ఇస్తారు. ఇంటర్వ్యూలో సహకార సంఘాల గురించి ఇంత ఎక్కడ చదివావని అడిగితే, మా శాఖా గ్రంథాలయంలో అని చెప్పాను. సీటు వచ్చింది. భయపడుతూ శెట్టిగారికి చెప్పాను.

"దేంట్లో అన్నావ్?"

"దానధర్మాలు ఎట్టా చెయ్యాలో చెప్పే చదువండీ."

"దానం చెయ్యటానికి కూడా పరీక్షలు పెడుతున్నారా?" అని దుకాణమంతా వినపడేట్టు అరిచారు. పైపులు కొనడానికి వచ్చిన రైతులు ఇటు తిరిగారు. "తప్పితే ఏం చేస్తారంట? ఇచ్చినయ్యి మళ్ళీ లాక్కుంటారా?"

అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ సాయంత్రం దుకాణం కట్టేసేముందు మాత్రం, హైదరాబాదు వెళ్ళే రోజుల్లో బిల్లులు ఆయనే రాసుకుంటానని, జీతం ఆపనని చెప్పారు. "ఆ పంతుళ్ళు ఏం చెప్పారో వచ్చి నాకు చెప్పాలి. అది నా ఫీజు" అన్నారు.

అలా మధ్యాహ్నాలు అన్నం తిన్నాక, బేరాలు పల్చబడ్డ వేళ, నేను నేర్చుకున్నది ఆయనకు తెలుగులో చెప్పేదాన్ని. ఇచ్చిన సొమ్ము ఫలితాన్ని కొలవడం, తీసుకునేవాళ్ళ మాటకు విలువివ్వడం, లాభం కోసం కాకుండా నిలబడటం కోసం పెట్టుబడి పెట్టడం, ఇలాంటివి. ఆయన తువ్వాలు విప్పి, చెవులు బయటపెట్టి వినేవారు. కొన్నింటికి ఊరికే తలూపేవారు. కొన్నింటికి "ఇది నిజం, ఇది రాసుకో" అనేవారు. ఏది చెప్పినా చివర ఒకటే అడిగేవారు: "ఇచ్చినోడు ఇంటికెళ్ళిపోయినాక దాన్ని ఎవరు చూస్తారమ్మాయ్?" ఈ ప్రశ్నను క్లాసులో నా మాటగా అడిగితే ప్రొఫెసరుగారు మెచ్చుకున్నారు. వచ్చి చెబితే శెట్టిగారు, "చూశావా, నేనూ చదువుతున్నట్టే" అని మురిసిపోయారు.

చివరి సెమిస్టరులో అసలు గండం వచ్చింది. ప్రాజెక్టు కాగితాల మీద రాస్తే చాలదు. ఎక్కడో ఒకచోట ఒక విరాళం నిజంగా జనానికి ఉపయోగపడేట్టు చేసి చూపించాలి. చూపించలేకపోతే ఆ సెమిస్టరు మళ్ళీ చదవాలి. రెండోసారికి ఉపకారవేతనం రాదు. అంటే నా చదువు అక్కడితో ఆగినట్టే. నేను ఎంచుకున్నది మా ఊరి మంచినీళ్ళు.

మా ఊళ్ళో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. తాగటానికి పక్కూరి నుంచి ఆటోలో వచ్చే క్యాన్లు కొనుక్కోవాలి. నీళ్ళు శుద్ధిచేసే ప్లాంట్లు లేక కాదు, రెండున్నాయి. తూర్పు బజారులో సాంబయ్య పెదనాన్న ఒకటి పెట్టించాడు. ఊరి రాజకీయాల్లో ఆయనకు ఎదురు వర్గం పడమటి బజారు కోటయ్య మామది. ఆయన ఊరుకుంటాడా? ఏడాది తిరక్కుండా ఇంకోటి పెట్టించాడు. తూర్పువాళ్ళు పడమటి నీళ్ళు తాగరు, పడమటివాళ్ళు తూర్పు వైపు క్యాను పట్టుకెళ్ళరు. కొన్నాళ్ళకు తూర్పు ప్లాంటులో నీళ్ళను వడపోత గొట్టాల్లోకి నెట్టే పంపు కాలిపోయింది. పడమటి ప్లాంటుకు పంపు బంగారంలా ఉంది కానీ బోరు ఎండిపోయింది. ఒకచోట నీళ్ళు, ఒకచోట పంపు. రెంటికీ తాళాలు, రెంటి మీదా దాతల పేర్లతో పాలరాతి పలకలు.

పడమటి పంపు తెచ్చి తూర్పు ప్లాంటుకు పెడితే సరిపోతుందని చిన్నపిల్లనడిగినా చెబుతుంది. నేను చదివిన ప్రకారం ముందు అందరినీ సంప్రదించాలి. అందుకని రెండు వర్గాలనూ బడి వరండాలో సమావేశపరిచాను. మా నాన్న వద్దన్నాడు. "నీది తూర్పు బజారు. నువ్వేం చెప్పినా పడమటోళ్ళకు మన మాటలాగే వినపడుద్దే" అన్నాడు. నేను వినలేదు.

సాంబయ్య పెదనాన్న ఒక పక్క, కోటయ్య మామ ఒక పక్క, మధ్యలో నేను. పంపు సంగతి ఎత్తగానే కోటయ్య మామ లేచాడు. "నా పంపు తీసకపోయి వాళ్ళ పలక కింద పెడతావంటే? రేపు నీళ్ళు తాగినోళ్ళు ఎవరి పేరు చెప్పుకుంటారు?"

"నీ పేరు చెప్పుకోటానికి నీ కాడ నీళ్ళేయి?" అన్నాడు సాంబయ్య పెదనాన్న. "ముందు బోరు చూసుకో."

"నువ్వు పంపు కాల్చుకున్నోడివి, నువ్వు చెప్పొచ్చావా!"

అంతే. కుర్చీలు వెనక్కి జరిగాయి. ఆడవాళ్ళు వచ్చి ఎవరి మనుషుల్ని వాళ్ళు లాక్కెళ్ళారు. మర్నాడు దుకాణంలో నా మొహం చూసి శెట్టిగారు ఏమైందని అడిగారు. చెప్పాను.

"ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టావా?" అని నుదురు కొట్టుకున్నారు. "వాళ్ళు నీళ్ళ కోసం రాలేదమ్మాయ్. ఎదుటోడు ఏం మాట్టాడతాడో చూడ్డానికొచ్చారు."

"మరి కొత్త పంపు పెట్టిస్తే?"

"పెట్టొచ్చు. అప్పుడది ఒట్టి సాంబయ్య ప్లాంటే అవుద్ది. పడమటోడు చచ్చినా తాగడు. కోటయ్యది కూడా దాంట్లో ఏదో ఒకటి తిరగాల." ఆయన మెల్లగా, అరవకుండా అన్నారు: "మడిసి ఎదుటి వర్గానికి ఇవ్వడమ్మాయ్. కానీ షాపోడికి అమ్ముతాడు. షాపోడి కాడ కొంటాడు. షాపులోంచి వచ్చిన సామాన్ది ఏ బజారు అని ఎవడూ అడగడు."

ఆ మాట నాకు వెంటనే తలకెక్కలేదు. ఆదివారం ఆయనే మా ఊరు వచ్చారు. నన్ను వెంటబెట్టుకుని నేరుగా కోటయ్య మామ ఇంటికి వెళ్ళారు. నీళ్ళ ప్లాంటు సంగతి కాక మిరప తోట గురించి, తోటలో మోటారు గురించి చాలాసేపు మాట్లాడారు. లేవబోతూ అన్నట్టుగా, "ఆ పంపు ఊరికే తుప్పు పడతంది గదా. మాకు మార్పిడి కింద ఇచ్చెయ్. దాని బదులు పైపు ఇస్తా" అన్నారు.

"పైపు నాకెందుకు?"

"నీక్కాదు. బడి ప్రహరీ దాకా. ఎప్పుడన్నా నీళ్ళొస్తే పిలకాయలు తాగుతారు."

కోటయ్య మామ ఆయన మొహంలోకి చూశాడు. "నా పంపు తర్వాత ఎవరికి అమ్ముతావు శెట్టీ?"

"షాపులో పెట్టింది ఎవరు కొంటారో నాకేం తెలుసు కోటయ్యా?"

కోటయ్య మామ మీసం కింద నవ్వు దాచుకోవడం చూశాను. "పైపు లావుది వెయ్. సన్నది వేసి మా బజారోళ్ళను మోసం చెయ్యమాకు" అన్నాడు. తాళంచెవి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

పంపు దుకాణానికి వచ్చింది. దాని ఒంటి మీద కోటయ్య మామ పేరు తాటికాయంత అక్షరాలతో ఉంది. శెట్టిగారు మెకానిక్‌ను పిలిచి దానికి బూడిదరంగు పెయింటు వెయ్యమన్నారు.

"ఫ్యాన్ల మీద పేర్లు చెరపొద్దన్నారుగా?" అన్నాను.

"అక్కడ పేరు ఎవరికీ అడ్డం కాదు. ఇక్కడ నీళ్ళకు అడ్డం" అన్నారు. "అయినా కోటయ్యను అడిగే వేస్తన్నాలే. నవ్వాడు."

సాంబయ్య పెదనాన్న తన ప్లాంటుకు పాత పంపు ఒకటి కొన్నాడు, శెట్టిగారు చెప్పిన ధరకు, బేరమాడకుండా. బిగించే రోజు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. వేలితో ముట్టుకుని, వేలు కళ్ళ దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు.

"రంగింకా ఆరలేదు శెట్టీ."

"ఆరుద్దిలే సాంబయ్యా."

ఇంకేం అడగలేదు. అక్కడున్న పదిమందికీ ఆ పంపు ఎవరిదో తెలుసు. పడమటి బజారుకీ తెలుసు. తెలియనట్టు ఉండటానికి ఒక మర్యాదైన దారి దొరికింది. అంతే కావాల్సింది.

ఒక్క విషయంలో మాత్రం నేను ఆయనతో పేచీ పెట్టుకున్నాను. నీళ్ళు ఉచితంగా ఇద్దామని, వడపోత గొట్టాలు మార్చాల్సి వచ్చినప్పుడల్లా తను చూసుకుంటానని శెట్టిగారు అన్నారు. నేను ఒప్పుకోలేదు. క్యానుకు కొద్దిపాటి రుసుము పెట్టాలని, అది బడి తల్లుల కమిటీ దగ్గర ఉండాలని, కమిటీలో రెండు బజార్ల ఆడవాళ్ళూ ఉండాలని పట్టుబట్టాను.

"నీళ్ళమ్ముకుంటామా ఏంది?" అని ఆయన కోపంగా అరిచారు.

"మీరున్నంతకాలం మీరు చూస్తారండీ. మీ తర్వాత?"

అనేశాక నాలుక కరుచుకున్నాను. పెద్దాయనతో అనాల్సిన మాట కాదది. ఆయన తువ్వాలు విప్పి మళ్ళీ చుట్టుకున్నారు. "ఇన్నాళ్ళూ నేను అందర్నీ అడిగాను ఆ మాట. నన్నెవరూ అడగలా" అన్నారు. తర్వాత రుసుము ఎంతైతే బాగుంటుందో నన్నే చెప్పమన్నారు.

తూర్పు ప్లాంటు నుంచి శెట్టిగారిచ్చిన పైపు లాగి, కుళాయి బడి ప్రహరీకి, రెండు బజార్లకూ మధ్యన బిగించాం. మొదటిరోజు స్విచ్చి వేశాక చాలాసేపు గాలి బుసలు కొట్టింది. తర్వాత చుక్కలు. తర్వాత సన్నగా ధార. అటు తూర్పు ఆడవాళ్ళు, ఇటు పడమటి ఆడవాళ్ళు క్యాన్లు పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ ముందుకు రాలేదు. శెట్టిగారు దోసిలి పట్టి తాగి, "చప్పగా చావలేదు, ఉప్పగా లేవు, బాగున్నయ్" అని అరిచారు. పడమటి వైపు నుంచి ఒక ముసలామె, "చెవిటి శెట్టీ, జరుగు. నువ్వే తాగేట్టున్నావు" అంటూ బిందె పెట్టింది. ఆమె వెనకాల తూర్పు వాళ్ళది ఒక క్యాను, దాని వెనకాల ఇంకోటి. నేను బడి గోడకు ఆనుకుని నిలబడ్డాను. కాసేపటికి అక్కడే కింద కూర్చున్నాను. మా నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. భుజం మీద కండువా తీసి దాంతో నాకు గాలి విసిరాడు.

వైవాలో పరీక్షకుడు, ఈ ప్రాజెక్టులో అసలు దాత ఎవరని అడిగాడు. అలా ఒకరి పేరు చెప్పగలిగితే నీళ్ళు వచ్చేవి కావండీ అన్నాను. ప్యాసయ్యాను. తీపి తీసుకుని దుకాణానికి వెళితే శెట్టిగారు ఒక లడ్డు తిని, ఇంకోటి జేబులో వేసుకుని, "అయితే ఇప్పుడు నాకూ పట్టా వచ్చినట్టే" అన్నారు.

ఉద్యోగం వచ్చి నేను గుంటూరు వచ్చేశాను. దాతలు ఇచ్చేది ఎక్కడ పెడితే నిలుస్తుందో చూసి చెప్పడం నా పని. కొత్త భవనం కట్టిస్తామని, కొత్త కంప్యూటర్లు ఇస్తామని పెద్దవాళ్ళు వస్తుంటారు. వాళ్ళను కూర్చోబెట్టి, ఆ ఊళ్ళో పాతవేమన్నా ఆగిపోయి ఉన్నాయేమో ముందు చూద్దామా అంటాను. కొందరు మొహం ముడుచుకుంటారు. కొందరు ఒప్పుకుంటారు. ఈ ప్రశ్న నా చదువులోది అనుకుంటారు వాళ్ళు.

శెట్టిగారు కిందటేడు పోయారు. నిద్రలోనే, ఎవరినీ ఇబ్బందిపెట్టకుండా వెళ్ళిపోయారు. కబురు తెలిసినప్పుడు దుఃఖంతోపాటు ఒక భయం కూడా పట్టుకుంది. ఆయన లేకపోతే ఆ కుళాయి ఆగిపోతుందేమోనన్న భయం. దినకర్మకు వెళ్ళి, అక్కణ్నుంచి మా ఊరు పోయాను. వెళ్ళేసరికి సాయంత్రమైంది. బడి ప్రహరీ దగ్గర ఆడవాళ్ళ వరస ఉంది. తూర్పు ప్లాంటులో వడపోత గొట్టాలు కొత్తగా మార్చినట్టు తెల్లగా మెరుస్తుండటం వచ్చేటప్పుడే చూశాను. దగ్గరికి వెళ్ళి కుళాయి కేసి చూస్తూ నిలబడ్డాను. ఊరికి కొత్తగా వచ్చిన కోడలేమో, నన్నెరగని ఒకమ్మాయి గదిమింది.

"ఏందక్కా, సందున దూరుతున్నావ్? వెనకమాలకు పో."

"నీళ్ళకు రాలేదమ్మా, చూద్దామని వచ్చా. ఈ కుళాయి ఎవరు పెట్టించారు?"

ఆ అమ్మాయి క్యాను నింపుకుంటూ, నా వైపు చూడకుండానే చెప్పింది. "ఎవరూ పెట్టించలా. ఇది ఎవరిదీ కాదక్కా, బడి కాడ నీళ్ళు. అందరం పట్టుకుంటాం."

శెట్టిగారు ఉండి ఉంటే ఈ మాట విని ఎంత గట్టిగా నవ్వేవారో నాకు తెలుసు. నేను చెప్పులు విడిచి ఆ తడి నేల మీద కాసేపు నిలబడి, నేనూ దోసెడు తాగుదామని వరస చివరికి వెళ్ళాను.